గుప్పెడు డీఏపీ

నడకదారి మొదట్లో ఒక బోర్డు ఉంది. దాని మీద ఆకుపచ్చ రంగులో బూటు బొమ్మ, పక్కన ఇంగ్లిషులోనూ అరబీలోనూ ఒకటే మాట: సులువు. పన్నెండు వందల మీటర్లు, అరగంట, చదును నేల, చక్రాల కుర్చీ కూడా వెళ్తుంది. ఇన్నేళ్ళుగా రోజూ చూస్తున్నా ఆ బోర్డంటే నాకు ఒళ్ళు మండటం తగ్గలేదు. నడకకి కూడా సులువు, కష్టం అని మార్కులు వేసి చెబితే తప్ప అడుగు తీసి అడుగు వేయలేని మనుషుల కోసం పెట్టారు దాన్ని.

ఆ వనం ఈ ఎడారి దేశంలో, జెబెల్ అలీ రేవుకి ఇవతల, విల్లాల కాలనీ నడుమ ఉంటుంది. కరోనా సద్దుమణిగాక జనానికి నడక పిచ్చి పట్టింది. అది కనిపెట్టి, విల్లాలు కట్టి అమ్మే వాళ్ళు మిగిలిపోయిన ఇసుక నేలలో ఎదిగిన ఆస్ట్రేలియా చెట్లు తెచ్చి నాటి, దేశవాళీ మొక్కల వనం అని పేరు పెట్టారు. ఏ దేశవాళీ అని అడగకూడదు. కంచె బయట ఎవరూ నీళ్ళు పోయకుండానే బతుకుతున్న గాఫ్ చెట్టు ఒకటుంది. అది ఈ నేల మీద పుట్టిన చెట్టే, దానికి మాత్రం బోర్డు లేదు. దాని నీడన డెలివరీ బైకులు నిలుపుకుంటారు. వనాన్ని చూసుకునే కాంట్రాక్టు మా కంపెనీది, నేను అక్కడ సూపర్‌వైజర్‌ని. మాది జగిత్యాల వైపు. వ్యవసాయంలో డిప్లొమా చేశాను. ఆ సంగతి ఎవరికో ఒకరికి చెప్పకుండా నేను ఒక్కరోజు కూడా ఉండలేదు.

మొదటి మలుపులో నీలగిరి చెట్లు వస్తాయి. మా వైపు వాటిని నరికి లారీల్లో కాగితం మిల్లుకి పంపుతారు. జలుబు చేస్తే ఆకు నలిపి వాసన చూస్తారు. అంతకుమించి వాటి మొహం ఎవరూ చూడరు. ఇక్కడ బెరడుని వేళ్ళతో నిమిరి కళ్ళు మూసుకుంటారు. ఒకాయన రోజూ పొద్దున అదే చెట్టుని కౌగిలించుకుని నిలబడేవాడు. చేతి గడియారం మోగగానే వదిలేసి చకచకా నడిచిపోయేవాడు. అది దాటితే సరుగుడు. మా దగ్గర స్లాబు కింద సెంట్రింగుకి పెట్టే కర్ర అది. దాని ముందు బెంచీ వేసి, కూర్చుని ఈ చెట్టులో గాలి పాడే పాట వినండి అని రాశారు. కూర్చున్న ప్రతివాడి చెవిలోనూ ఇయర్‌ఫోను ఉంటుంది.

ఆదివారం సాయంత్రాలు మన తెలుగు కుటుంబాలు కూడా వచ్చేవి. "అబ్బ, ఎంత బాగుందండీ, ఏం చెట్టో!" అని ఆవిడ అనేది. ఆయన ఆకు మీద ఫోను పెట్టి వెతికి, ఏదో కనిపెట్టినవాడిలా "యూకలిప్టస్" అని చదివేవాడు. వాళ్ళింట్లో నీలగిరి తైలం సీసా తప్పకుండా ఉండి ఉంటుంది. నేను రెండడుగుల దూరంలో నిలబడి ఉండి కూడా చెప్పేవాణ్ణి కాదు. నా కంపెనీ చొక్కా చూసి, "భయ్యా, టాయిలెట్ కిధర్?" అని అడిగేవాళ్ళు. నేను చేయి చూపించేవాణ్ణి. వాళ్ళని చూసి నవ్వుకోవడమే నా జీతంలో పెద్ద భాగం అనుకునేవాణ్ణి.

మొక్కల సలహాకి ఆస్ట్రేలియా నుంచి ఒక మేడమ్ మూడు నెలలకోసారి వచ్చేది. వెడల్పాటి గడ్డి టోపీ, మోకాళ్ళ దాకా మట్టి. ప్రతి మొక్క దగ్గరా కూర్చుని ఆకు తిరగేసి, వాసన చూసి, ఏదో గొణుక్కునేది. పిచ్చిదనుకున్నాను. వనం తెరిచిన రోజు నాకు నాలుగు పేజీల కాగితాలు ఇచ్చి, "ఇది జాగ్రత్తగా చదువు, నీ వాళ్ళకి వాళ్ళ భాషలో చెప్పు" అంది. మొక్కలు పెంచడం నాకు ఈమె నేర్పాలా అనుకుని ఆ కాగితాలని సొరుగులో పడేశాను.

ఆమె ప్రాణమంతా నడకదారి చివరి మలుపులో ఉన్న ఒక మడి మీద ఉండేది. ముప్పై ఏడు గ్రెవిల్లియా మొక్కలు. మన కాఫీ తోటల్లో నీడకి పెంచే సిల్వర్ ఓక్‌కి చెల్లెలి వరస. సన్నటి ఆకులు, దువ్వెన పళ్ళలా ఒక పక్కకే వంగిన ఎర్రపూలు. వనమంతా ఊదారంగు పైపుల్లో వచ్చే శుద్ధి చేసిన మురుగునీటితో సరిపెట్టుకుంటే, ఈ మడికి మాత్రం మంచినీళ్ళ ట్యాంకరు రావాలి. పనివాళ్ళ క్యాంపులో మేం స్నానాలకి బకెట్లు పట్టుకుని వరసలో నిలబడేవాళ్ళం. ఈ పొదలు మాత్రం తీపినీళ్ళు తాగేవి.

ఆ మడిని చూసుకున్నది కాకా. నాకు రక్తసంబంధం లేదు. పక్క మండలం మనిషి, మా నాన్నకంటే కొంచెం చిన్న, అందుకని కాకా. మిగతా పనివాళ్ళ ముందు నన్ను సారూ అనేవాడు, ఇద్దరమే ఉంటే బిడ్డా అనేవాడు. ఇరవై ఏళ్ళు ఇక్కడి రోడ్ల పక్కన రాళ్ళు మోసి మోసి అతని కుడి మోకాలి చిప్ప అరిగిపోయింది. ఎత్తులు ఎక్కకూడదు, బరువులు మోయకూడదు, చదును నేల మీద పనైతేనే చేయొచ్చు అని డాక్టరు రాసిచ్చాడు. మా కంపెనీకి ఉన్న సైట్లన్నిటిలో అలాంటి చదును నేల ఈ వనం ఒక్కటే. నేను చూసి నవ్వుకునే ఆ ఆకుపచ్చ బూటు బొమ్మ కాకాకి కాలు నిలిపిన బొమ్మ.

"ఈడ ఉంటే ఇంకో రెండేండ్లు గుంజుకస్త బిడ్డా. ఇక్కడ్నుంచి లేపిండ్రంటే నా మోకాలు ఖలాస్" అనేవాడు.

కాకా పని చేసే తీరు కూడా నాకు చులకనే. మీటరు పెట్టి చూడాల్సిన తడిని చిటికెడు మట్టి వేళ్ళ మధ్య ఉండ చేసి చూసేవాడు. మొక్క బతికుందో లేదో బొటనవేలి గోరుతో కొమ్మ గీకి చెప్పేవాడు. బోర్డుల మీది పేర్లు చదవలేక సొంత పేర్లు పెట్టుకున్నాడు. గ్రెవిల్లియా దువ్వెన చెట్టు. మొదలు నల్లగా, పైన గడ్డి వేలాడే ఇంకో మొక్క ముసలమ్మ జుట్టు. పొద్దున ఎవరూ రాకముందే కుంటుకుంటూ దారంతా ఒకసారి నడిచి, ఏ చెట్టు ఎలా ఉందో నాకు వచ్చి చెప్పేవాడు. నేను సగం వినేవాణ్ణి. చదువుకోని రైతు, ఇతనికేం తెలుసు అని నా బుర్రలో ఎప్పుడూ ఉండేది.

2022లో ఎండాకాలం చివర దువ్వెన చెట్లు వాడిపోయాయి. ఆకు రంగు తగ్గింది, చిగురు ఆగింది. సరిగ్గా అప్పుడే పై ఆఫీసు నుంచి కబురు: పదిహేను రోజుల్లో ముదీర్, అంటే మా పెద్ద మేనేజరు, వస్తున్నాడు, మేడమ్ కూడా ఉంటుంది, విల్లాల వాళ్ళు ఫోటోలు తీస్తారు, పచ్చగా కనిపించాలి. నేను మడి దగ్గరికి వెళ్ళాను. కాకా నేల మీద కాలు చాపుకుని కూర్చుని డ్రిప్ పైపు కన్నాలు తుడుస్తున్నాడు.

"కాకా, ఇవి సచ్చేటట్టున్నయి" అన్నాను.

"చావలే బిడ్డా. గోరుతోని గీకి సూశిన, లోపట పచ్చగనే ఉన్నది. ఎండకు సోలినయి, గంతే. చలి పడితే అవే లేస్తయి. నువ్వు ముట్టకు."

"చలి దాక ఎవడాగుతడు? ముదీర్ వస్తుండు. ఖర్జూరం చెట్ల స్టోర్ల డీఏపీ బస్తాలున్నయి గదా, మొక్కకు గుప్పెడు పెట్టు. పది దినాల్ల పచ్చగైతయి."

కాకా వెంటనే లేవలేదు. "మేడమ్ కాయితం రాసిచ్చింది గదా బిడ్డా. అండ్ల ఏమున్నదో సూశినవా?"

"సూశిన."

అది అబద్ధం. చూడలేదు. చదువు రాని మనిషికి కాగితం గుర్తుంది, డిప్లొమా ఉన్నవాడికి గుర్తు లేదు. పైగా కాగితం ఊసెత్తినందుకు నాకు చిర్రెత్తుకొచ్చింది.

"నువ్వు మక్కకు పెట్టలేదా? వరికి పెట్టలేదా? డీఏపీ పెడితే చెట్టు చచ్చుడు ఏడన్న సూశినవా?"

"సూడలే. గని ఇవి మన చెట్లు కావు బిడ్డా. ఏమన్నయితే?"

"ఏమన్నయితే నా పేరు చెప్పు. నా పూచీ."

ఆ మాట మీద లేచాడు. మోకాలి మీద చేయి పెట్టుకుని లేచి, బకెట్టు తెచ్చి, ముప్పై ఏడు మొక్కలకీ గుప్పెడు గుప్పెడు వేసి మట్టి కప్పాడు. మా ఊళ్ళలో ఆ పని తెలియని రైతు లేడు. మొక్క నీరసంగా ఉంటే ముందు చేయి డీఏపీ బస్తాలోకే పోతుంది. నేను పక్కన నిలబడి, ఇంకొంచెం వెయ్యి అని కూడా అన్నాను.

వారం తిరిగేసరికి ఆకుల అంచులు మాడాయి. నీళ్ళు తక్కువయ్యాయేమోనని పెంచాను. పదో రోజుకి ఆకులు రాలడం మొదలైంది. అప్పుడు సొరుగు తెరిచి మేడమ్ కాగితాలు తీశాను. మొదటి పేజీలోనే, కింద గీత గీసి ఉంది: ఈ జాతి మొక్కలకి భాస్వరం విషం, ఫాస్ఫేటు ఎరువు ఏ రూపంలోనూ వేయకూడదు. డీఏపీలో దాదాపు సగం ఉండేది అదే. వాటి వేళ్ళు భాస్వరం లేని నేలలో వెతుక్కుని వెతుక్కుని బతకడానికి అలవాటు పడినవి, ఎదురుగా పెడితే వద్దనడం రాక తాగి చస్తాయట. నేను ఆ కాగితాన్ని మళ్ళీ సొరుగులో పెట్టేశాను. ముదీర్ రావడానికి ఇంకా ఐదు రోజులున్నాయి. నిజం చెప్పడానికి ఐదు రోజులు చాలా ఎక్కువ, నేను ఒక్క రోజు కూడా వాడుకోలేదు.

కాకా మాత్రం రోజూ పొద్దున నా దగ్గరికి వచ్చి, "బిడ్డా, కడుగుదామా? ఆ డీఏపీ పిండి తీసేసి నీళ్ళు పారిద్దామా?" అని అడిగేవాడు. కడిగితే నేను తప్పు చేశానని అందరికీ తెలుస్తుంది. "ఉండనియ్యి కాకా, లేస్తయి" అన్నాను.

ముదీర్ వచ్చిన రోజు ఎండ తగ్గింది, మంచి గాలి. మేడమ్ దారంతా గబగబా నడిచి నేరుగా మడి దగ్గరికి పోయింది. ముప్పై ఏడింటిలో ఒక్కటి కూడా పచ్చగా లేదు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని మట్టి గీకింది. అరచేతిలో ఇంకా కరగని నాలుగు బూడిదరంగు గింజలు పెట్టుకుని లేచింది.

"ఎవరు వేశారిది?" అని ఇంగ్లిషులో అడిగింది.

కాకా నా వెనక రెండడుగుల దూరంలో పైపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతనికి ఇంగ్లిషు రాదు. ఆ ధైర్యంతోనే నేను ఇంగ్లిషులో చెప్పాను. పనివాడు తనంతట తాను వేశాడని, ఊళ్ళో రైతు కాబట్టి పాత అలవాటని, వద్దని నేను ముందే చెప్పానని. ఎంత తేలిగ్గా వచ్చాయో ఆ మాటలు! డిప్లొమాలో నేర్పిన ఇంగ్లిషు జీవితంలో ఒక్కసారి తడబడకుండా మాట్లాడానంటే అది ఆ రోజే. చెబుతూ చెబుతూ వేలు కూడా చూపించాను.

మేడమ్ గింజలు నేల మీద పారేసి, నన్ను ఎగాదిగా చూసింది. నమ్మిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ముదీర్‌కి మాత్రం నమ్మడమే సుఖం. అతను కాకా వైపు తిరిగి హిందీలో అడిగాడు.

"క్యోం డాలా? కౌన్ బోలా తుమ్‌కో?"

హిందీ కాకాకి వచ్చు. ఇరవై ఏళ్ళ క్యాంపు హిందీ. ఎవరు వేయమన్నారు అనే ప్రశ్నకి జవాబు రెండు మాటల్లో చెప్పగలడు. చెప్పమని నేనే అతనికి చెప్పి ఉన్నాను. కాకా నా మొహం వైపు చూశాడు. నేను చూపు తిప్పుకుని గ్రెవిల్లియా బోర్డు చదువుతున్నట్టు నిలబడ్డాను. అందులో ఆ మొక్క పూలలో తేనె ఉంటుందనీ, పిట్టలు వస్తాయనీ రాసి ఉంది. అంతా రెండు సార్లు చదివాను.

"గల్తీ హోగయా సాబ్" అని తప్పు ఒప్పుకున్నాడు కాకా.

"ఖలాస్. ఫుజైరా భేజో" అన్నాడు ముదీర్ నాతో.

ఫుజైరాలో మా కంపెనీకి ఒక గుట్ట ఉంది. సముద్రం వైపు కట్టిన హోటలు వెనక, గుట్టని మెట్లు మెట్లుగా చెక్కి మొక్కలు నాటారు. ట్యాంకు కింద, మొక్కలు పైన. పైపు భుజాన వేసుకుని ఎక్కాలి, దిగాలి, మళ్ళీ ఎక్కాలి. కంపెనీలో ఎవరిని శిక్షించాలన్నా అక్కడికే పంపుతారు. డాక్టరు రాసిన చీటీ ఉందని నేను అప్పుడైనా గుర్తు చేయొచ్చు. ఆ చీటీ కూడా నా సొరుగులోనే ఉంది. చీటీ తీస్తే మాటలు సాగుతాయి, మాటలు సాగితే డీఏపీ దగ్గరికి వస్తాయి. అందుకని తీయలేదు. కాకా వ్యాను ఎక్కిన పొద్దున నాకు పంపు రూములో అర్జెంటు పని ఉందని చెప్పుకున్నాను. పంపు బాగానే ఉంది. దాని ముందు గంటసేపు కూర్చున్నాను.

చచ్చిన మొక్కలు పీకించి, మడిలో మట్టి మార్పించి, కొత్తవి నాటించాం. నడిచేవాళ్ళలో ఒక్కడు కూడా తేడా గమనించలేదు. గడియారం పెట్టుకుని చెట్టుని కౌగిలించుకునే ఆయన కొత్త మడి ముందు ఆగి, "చాలా బాగా చూసుకుంటున్నారు" అని నన్ను మెచ్చుకున్నాడు. థాంక్యూ అన్నాను. అతన్ని చూసి నవ్వుకుందామనుకున్నాను గానీ ఆ రోజు నవ్వు రాలేదు. చెట్టుని పట్టుకుని రెండు నిమిషాలు నిలబడటానికి అతనికి సిగ్గు లేదు. మనిషి పక్కన నిలబడి రెండు మాటలు చెప్పడానికి నాకు నోరు లేదు.

తర్వాతి చలికాలంలో పైపుల లెక్క చూడమని నన్ను ఫుజైరా పంపారు. ఒక్క రోజు పని. గుట్ట కింద బండి దిగి పైకి చూస్తే, నాలుగో మెట్టు మీద కాకా. మోకాలికి గుడ్డ చుట్టుకుని, పైపు భుజాన వేసుకుని, పక్కకి తిరిగి ఒక్కో మెట్టూ ఎక్కుతున్నాడు. ముందు ఎడమ కాలు పెట్టి, కుడి కాలుని చేత్తో పట్టుకుని లాక్కుంటున్నాడు. నేను అతని దగ్గరికి ఎక్కేసరికే నాకు రొప్పు వచ్చింది. కాకా నన్ను చూసి ఆగాడు గానీ పైపు దించలేదు.

"కాకా, మంచిగున్నవా?" అన్నాను. అంతకంటే పనికిమాలిన ప్రశ్న నేను జన్మలో అడగలేదు.

"మంచిగున్న సారూ."

చుట్టూ ఎవరూ లేరు. ఇద్దరమే ఉన్నాం. అయినా సారూ అన్నాడు.

"నా పేరు చెప్పుమన్న గదా ఆ దినం. ముదీర్ అడిగితే ఎందుకు చెప్పకపోతివి?"

"మీరే చెప్తరనుకున్న సారూ. మీ దిక్కు సూసుకుంట ఆగిన."

అతను ఆగిన ఆ కాసేపూ నేను బోర్డు చదివాను. అతనికి అది తెలుసు, నాకూ తెలుసు. "ఇప్పుడన్న చెప్త కాకా. పోంగనే ముదీర్‌కు చెప్పి నిన్ను వనంలకు తెప్పిస్త" అన్నాను. ఆ నిమిషంలో నిజంగానే చెబుదామనుకున్నాను. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. వాటిని చూసి నామీద నాకే కొంచెం గౌరవం కలిగింది.

కాకా నన్ను కింద నుంచి పైదాకా ఒకసారి చూశాడు. నా షూలు, నా చెమట, నా రొప్పు. అన్నాళ్ళూ నేను నడకదారిలో మనుషుల్ని చూసిన చూపు అది. ఆ చూపు మొదటిసారి నామీద పడింది.

"చెప్తే మిమ్ముల ఈడికి పంపుతరు సారూ. మీకు గుట్టెక్కుడు రాదు" అన్నాడు. పైపు సర్దుకుని, చేత్తో కాలు పట్టుకుని, ఐదో మెట్టు మీదికి లాక్కున్నాడు.

నేను సాయంత్రం బండెక్కి తిరిగి వచ్చేశాను. కొత్త గ్రెవిల్లియాలకి పూలు వచ్చాయి. ఇప్పుడు పొద్దున్నే ఎవరూ రాకముందు దారంతా నడిచి చూసే పని నాదే. బూటు బొమ్మ దగ్గర మొదలుపెట్టి బూటు బొమ్మ దగ్గరికి వస్తాను, అరగంట కూడా పట్టదు. మోకాళ్ళు నొప్పి లేవు. ముదీర్‌కి నేనింకా చెప్పలేదు.